మీ వాక్యం మేం పూర్తి చేస్తాం

మా వీధిలో నన్ను అందరూ ఈశ్వరరావు గారంటారు. అది నా పేరు కాదు. అద్దెకు దిగిన రోజు ఇంటావిడ పేరడిగింది. నా పేరు పరాంకుశం. "ప" దగ్గర పెదాలు అతుక్కుపోయాయి. ఆవిడ చేతిలో తాళంచెవి, కళ్ళలో తొందర. అచ్చుతో మొదలయ్యే పేరు ఏదైనా ఒకటేననిపించి, ఈశ్వరరావు అన్నాను. అప్పట్నుంచీ ఈశ్వరరావుగానే పాలు పోయించుకుంటున్నాను, ఈశ్వరరావుగానే వినాయక చవితి చందా ఇస్తున్నాను.

నత్తి నోట్లో ఉంటుందని డాక్టర్లు అంటారు. నా అనుభవంలో అది ఎదుటివాళ్ళ కళ్ళలో ఉంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు నేను ధారాళంగా మాట్లాడతాను. కుర్చీతో, గొడుగుతో, అద్దంతో నాకే ఇబ్బందీ లేదు. ఉద్యోగం కూడా ఆలోచించే ఎంచుకున్నాను. అనకాపల్లిలో విత్తన పరీక్షా కేంద్రంలో మొలకలు చూస్తాను. వేరుశనగ గింజ ఎవరి పేరూ అడగదు.

మనుషులతో మాట్లాడాలనిపిస్తే నాకు "నిదానం" ఉండేది. అది నత్తి ఉన్నవాళ్ళ కోసం విశాఖపట్నంలోని వాగ్వికాస సంస్థ నడిపే వెబ్‌సైటు. ఎప్పటి సంచాలకులో దాన్ని పెట్టి మరచిపోయారు. మరచిపోబట్టే అది బాగుండేది. బూడిదరంగు పేజీ, నల్లటి అక్షరాలు, రాసుకోవడానికి ఒక గడి. అక్కడ రాయని నియమాలు రెండు. ఎవరికీ సలహా ఇవ్వకూడదు. ఎవరి వాక్యాన్నీ ఇంకొకరు పూర్తి చెయ్యకూడదు. ఒకాయన "నిన్న మా అమ్మాయి నన్ను" అని రాసి ఆగిపోయాడు. నెలరోజుల తర్వాత వచ్చి మిగతాది రాశాడు. ఈలోగా "ఏమైంది?" అని ఒక్కరు కూడా అడగలేదు. అంత మర్యాద నేను పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు.

రోజూ అందరూ వెళ్ళే చోటు "ఈ రోజు మింగిన మాట". ఏ మాట అనలేకపోయామో, బదులుగా ఏమన్నామో రాయాలి. "కాఫీ అనలేక ఇవాళ కూడా టీ తాగాను. నాకు టీ పడదు" అని ఒకరు. "పిఠాపురం అనలేక అన్నవరం టికెట్ తీసుకున్నాను. ఎలాగూ దిగాను కదా అని కొండెక్కి దర్శనం చేసుకున్నాను. కింద బస్సులో ఎవరో పిఠాపురం అడిగితే, నాకూ అదే అని వేలు చూపించాను. ఇది నాలుగోసారి. మా ఊళ్ళో నన్ను సత్యనారాయణస్వామి భక్తుడంటున్నారు" అని ఇంకొకరు. ఆయన్ని మేం భక్తుడుగారు అనేవాళ్ళం.

"మూడో బెంచీ" పేరుతో రాసే అమ్మాయి ఉండేది. కాలేజీలో మూడో బెంచీలో కూర్చుని, హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్" అనలేక, ఎదురుగా కనిపిస్తూనే గైర్హాజరయిన మనిషి. హాజరు చాలక ఒక సంవత్సరం పోగొట్టుకుంది. ఇప్పుడు ఉద్యానవన అధికారి ఉద్యోగానికి రాతపరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంది. ఇంటర్వ్యూ మిగిలింది. అందరికీ ఐదు నిమిషాలు. నత్తి ఉన్నట్టు సర్టిఫికెట్ తెస్తే పది. ఆ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది వాగ్వికాస సంస్థే. ఐదు నిమిషాల్లో తనకు నమస్కారమూ, పేరూ అయ్యేసరికి గంట కొడతారని ఆమె లెక్క వేసుకుంది.

అలాంటి సమయంలో సంస్థకు కొత్త సంచాలకులుగా డాక్టర్ ముక్తేశ్వరరావు గారు వచ్చారు. ఆయనకు సంస్థలో ఏమేమి ఉన్నాయో చూడాలన్న దురలవాటు ఉంది. చూస్తూ చూస్తూ మమ్మల్ని చూశారు.

ఒక సోమవారం బూడిదరంగు పేజీ పోయింది. దాని స్థానంలో తెర నిండా ఒక ఎర్రటి నోరు. పైన "గళం" అని పేరు. కింద ప్రకటన.

"వాక్ లోపమునకు వాక్కే పరమౌషధమని నిపుణుల కమిటీ అభిప్రాయపడినందున, సభ్యులు వ్రాతపూర్వకముగా తప్పించుకొను సౌకర్యమును ఇందుమూలముగా తొలగించడమైనది. ఇకపై సభ్యులు నోటి గుర్తును నొక్కి, ఇరవై సెకన్ల లోపు తమ భావమును స్పష్టముగా, సంక్షిప్తముగా, సంతోషముగా తెలియజేయవలెను."

నత్తి ఉన్నవాళ్ళు రాసుకునే చోట రాత తీసేశారు. ఇందులో ఒక తర్కం లేకపోలేదు. ఈతరానివాళ్ళు గట్టున ఎక్కువసేపు కూర్చుంటున్నారని గమనించి, గట్టు తీసేశారు.

ప్రారంభోత్సవం వీడియో చూశాను. సైటు తయారుచేసిన కంపెనీ కుర్రాడు ధ్రువ్, సంచాలకులకు వివరిస్తున్నాడు.

"సార్, మనవాళ్ళు మధ్యలో ఆగిపోతున్నారు. ఆగితే వినేవాళ్ళు వెళ్ళిపోతారు. అది మాకు లాస్. అందుకని రెండు సెకన్లు ఆగితే చాలు, మన వాక్యమిత్ర అందుకుని మిగతాది వాళ్ళ గొంతుతోనే చెప్పేస్తుంది."

"అంటే అసంపూర్ణ వాక్యమనేది ఇక ఉండదన్నమాట!"

"ఉండదు సార్. మీ వాక్యం మేం పూర్తి చేస్తాం. అదే మన ట్యాగ్‌లైన్."

వాక్యమిత్రకు తెలుగు నేర్పడానికి రికార్డింగులు కావాలి కదా. సంస్థ దగ్గర ఉన్నవి సంస్థ సభల్లో పెద్దలు చేసిన ప్రసంగాలు, వందన సమర్పణలు. అవే నేర్పారు.

మొదటి ఫిర్యాదు భక్తుడుగారిది. నోరు నొక్కి, "అయ్యా, మా పాత సైటు మాకు..." అని ఆగారు. రెండు సెకన్లు గడిచాయి. ఆయన గొంతు, ఎక్కడా తడబడకుండా, "...మాకు కలిగించిన ఈ సువర్ణావకాశానికి పేరుపేరునా కృతజ్ఞతలు తెలియజేసుకుంటూ, సమయాభావం వల్ల సెలవు తీసుకుంటున్నాను" అని ముగించింది. కింద చప్పట్లు కూడా అదే వేసుకుంది.

ఎవరు తిట్టబోయినా ఇదే. "ఇది చాలా అన్యా..." అన్నవాడు "అన్యాపదేశంగా కాదు, హృదయపూర్వకంగా అభినందిస్తున్నాను" అన్నాడు. "సిగ్గు లేదా మీ..." అన్నావిడ "మీవంటి దార్శనికుల నాయకత్వం దొరకడం మా పూర్వజన్మ సుకృతం" అంది. తెల్లారేసరికి సైటు నిండా అభినందనలు. వాటిలో మా కోపం ఎంత ఉందో మాకు తప్ప ఎవరికీ తెలియదు.

నేనూ నొక్కాను. "ఇది నాకు ప..." దగ్గర ఆగాను. పనికిరాదు అనబోయాను. నా గొంతు, "పరమానందాన్ని కలిగించిన శుభపరిణామం" అంది. అది నా గొంతే. చిన్నప్పట్నుంచీ నేను కలల్లో మాత్రమే విన్న గొంతు. ఎక్కడా అతుకు లేదు. అది అబద్ధం చెబుతోందని తెలిసి కూడా రెండోసారి విన్నాను. మూడోసారి కళ్ళు మూసుకుని విన్నాను. మనిషికి తన నిజం వికారంగా, తన అబద్ధం అందంగా వినిపించినప్పుడు ఎటు మొగ్గుతాడన్నది మనస్తత్వశాస్త్రంలో పెద్ద ప్రశ్న. నేను నాలుగోసారి కూడా విన్నాను.

మౌనం పాటిద్దామనుకున్నారు కొందరు. నోరు నొక్కి ఊరుకున్నారు. దాంతో వాక్యమిత్రకు మొత్తం ఇరవై సెకన్లూ చిక్కాయి. జ్యోతి ప్రజ్వలన నుంచి మొదలుపెట్టి వేదికనలంకరించిన పెద్దల దాకా వచ్చేది.

చప్పుడు ఆగకపోతే వాక్యమిత్ర నోరెత్తదని ఎవరో కనిపెట్టారు. అందరం ఫోను తీసుకెళ్ళి ఏదో ఒక చప్పుడు దగ్గర పెట్టడం మొదలుపెట్టాం. భక్తుడుగారు కిర్రుమనే సీలింగు ఫ్యాను పెట్టేవారు. నేను గింజలు జల్లించే యంత్రం. మూడో బెంచీ ఎక్కడో నర్సరీలో మొక్కలకు నీళ్ళు చిమ్ముతున్న పైపు. పేర్లు చూడకుండానే చప్పుళ్ళతో ఒకళ్ళనొకళ్ళం గుర్తుపట్టేవాళ్ళం. ఆ పైపు చప్పుడు వినపడని రోజు నాకు గింజల మీద మనసు నిలిచేది కాదు.

దీన్ని సంస్థ గమనించింది. "నిరంతరాయ అభివ్యక్తి" అని పేరు పెట్టి, వాక్యమిత్ర ముగించిన వాక్యాలతో కలిపి మార్కులు వేసింది. ఎక్కడా ఆగలేదు కాబట్టి విజయనగరంలో ఒక మిక్సీకి నూటికి నూరు వచ్చాయి.

మాట్లాడుకోవడానికి ఇంకొక్క సందు మిగిలింది. ప్రతి సభ్యుడూ తన ఫొటో పెట్టుకోవచ్చు. కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని ఫొటో తీసి పెట్టుకున్నాం. "ముఖము లేని ముఖచిత్రములు నిషిద్ధము" అని ప్రకటన వచ్చింది. అరచేతి మీద రాసుకుని, రాత బయటికి కనపడేలా చెయ్యి చెంపకు ఆనించుకుని ఫొటో దిగాం. పళ్ళనొప్పి వాళ్ళ సంఘంలా ఉన్నామని ఎవరో చేతి మీదే రాశారు.

అంతలో అసలు దెబ్బ పడింది. నత్తి నిర్ధారణ ఇకపై గళంలోని మార్కులను బట్టే జరుగుతుందని సంస్థ ఉత్తర్వు ఇచ్చింది. మరునాడు మూడో బెంచీ ఫొటో మారింది. రెండు చెంపలకూ రెండు అరచేతులు. కుడి చేతి మీద, "నాకు 98 వచ్చాయట. సర్టిఫికెట్ ఇవ్వరట." ఎడమ చేతి మీద, "తోడు వస్తారా ఎవరైనా?"

విశాఖకు దగ్గర్లో ఉన్నది నేను. "వస్తా" అని అరచేతి మీద రాసుకున్నాను. ఆ రోజంతా చెయ్యి కడుక్కోవడానికి మనసొప్పలేదు.

సంస్థ గేటు దగ్గర కలుసుకున్నాం. ఆమె పేరు వారిజ. ఆ పేరు చెప్పడానికి ఆమెకు ఎంత సమయం కావాలో అంతా తీసుకుంది. నా పేరుకు నేను తీసుకున్నాను. దారిన పోయే ఒకాయన, వీళ్ళ మధ్య ఏదో పెద్ద గొడవ నడుస్తోందనుకుని కాసేపు నిలబడి వెళ్ళాడు.

సూపరింటెండెంటు లలితాంబ గారు మంచావిడ. కూర్చోమంది. వారిజ చెప్పేది మొత్తం విని, కంప్యూటరు చూసింది.

"ఏటమ్మా, నీకు నత్తి లేదు కదా."

"ఇ... ఇప్పుడు విన్నారు కదండీ."

"విన్నాన్లే. ఉంది. బాగానే ఉంది, పాపం. కానీ నేను వినడం ప్రామాణికం కాదమ్మా. గళంలో వినాలి. గళంలో నువ్వు తొంభై ఎనిమిది. నాకే అన్ని రావు. మొన్న నొక్కి చూశాను, డెబ్బై రెండు."

"అది మె... మె..."

"మెషీన్ మాట్లాడింది, నువ్వు కాదు. అంతేనా?" అని, ఆవిడ నాలిక్కరుచుకుంది. "అయ్యో, నేనే చెప్పేశాను. అలవాటైపోయింది. డైరెక్టరు గార్ని కలవండి."

డాక్టర్ ముక్తేశ్వరరావు గారు మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డారు. నత్తి లేనివాళ్ళు నత్తివాళ్ళతో గట్టిగా మాట్లాడతారు, చెవుడున్నట్టు.

"రండి, రండి! తొంభై ఎనిమిది! మీవంటి లబ్ధిదారుల కోసమే నేను ఎదురుచూస్తున్నాను. వచ్చే శుక్రవారం మన జిల్లాను నత్తి రహిత జిల్లాగా ప్రకటిస్తున్నాం. జాయింట్ కలెక్టరు గారు విచ్చేస్తున్నారు. స్వస్థత పొందిన సభ్యురాలిగా మీరు వేదిక మీద రెండు మాటలు చెప్పాలి."

వారిజ తనకు స్వస్థత కలగలేదని చెప్పడం మొదలుపెట్టింది. ఆయన గడియారం చూసుకున్నారు. ఆమె ఆగిపోయింది. నేను చెప్పాను కదా, నత్తి ఎక్కడుంటుందో.

"చూడండమ్మా, మీరేమీ మాట్లాడనక్కర్లేదు. వాక్యమిత్ర మీ గొంతుతో ప్రసంగం సిద్ధం చేసింది. మీరు మైకు పట్టుకుని పెదాలు కదిపితే చాలు. ఆ కార్యక్రమం దిగ్విజయంగా ముగిసిన మీదట, నత్తి ఉన్నట్టు మీకు సర్టిఫికెట్ ఇచ్చే విషయం సానుభూతితో పరిశీలిస్తాను."

అంటే నత్తి లేదని వెయ్యిమంది ముందు ఒప్పుకుంటే, నత్తి ఉందని ఒక కాగితం ఇస్తారు. వారిజ తల ఊపింది. ఇంటర్వ్యూ ఆ తర్వాతి బుధవారం.

బయట టీ దుకాణం దగ్గర ఆగాం. వారిజ మెల్లగా, "పె... పెదాలు కదిపితే చాలంటండీ. నా బాధల్లా అదేగా" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వులో మాకు నత్తి లేదు.

శుక్రవారం సభ్యులందర్నీ బస్సుల్లో తెచ్చి ముందు వరసల్లో కూర్చోబెట్టారు. భక్తుడుగారు, మిక్సీ ఆవిడ, టీ పడని ఆయన. ముఖాలు తెలుసు, సగం చేతులు అడ్డున్న ముఖాలు. వేదిక మీద డాక్టర్ గారు, జాయింట్ కలెక్టరు గారు. ఆయనకు పదకొండింటికి ఇంకో ప్రారంభోత్సవం ఉంది. వారిజ ప్రసంగం, ప్రకటన, ఫొటో. అంతే కార్యక్రమం.

వారిజ మైకు అందుకుంది. స్పీకర్లలో ఆమె గొంతు పువ్వులా విచ్చుకుంది. "వేదికనలంకరించిన పెద్దలకు..."

ఆమె పెదాలు కదపలేదు. చెయ్యి పైకెత్తింది. సౌండు కుర్రాడు ఏదో పొరపాటు జరిగిందనుకుని రికార్డు ఆపాడు.

"నా పేరు వ..." అంది వారిజ.

నేను ఆమె మెడ నరం చూస్తున్నాను. ఆ నరంలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. మాట లోపల తయారుగా ఉంటుంది, చెప్పులు కూడా వేసుకుని. తలుపే తెరుచుకోదు.

"వారిజ! వారిజ గారు!" అని డాక్టర్ గారు నవ్వుతూ అందించారు.

వారిజ ఆయన వైపు చూసింది. మైకు సర్దుకుంది. మళ్ళీ మొదట్నుంచి, "నా పేరు వ..." అంది.

వ్యాఖ్యాత పరుగున వచ్చి, "వారిజ గారు భావోద్వేగానికి లోనయ్యారు, వారి పేరు వారిజ" అన్నాడు. ఆమె ఆగి, అతను దిగిపోయేదాకా ఉండి, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది. జాయింట్ కలెక్టరు గారు మంచితనం కొద్దీ, "ఫర్వాలేదమ్మా, నిదానంగా..." అన్నారు. మళ్ళీ మొదలు. ఎవరు సాయం చేసినా మొదటికి వెళ్తుందని సభకు అర్థమవడానికి చాలాసేపు పట్టింది. అర్థమైనవాళ్ళు ఊరుకుంటే, అర్థం కానివాళ్ళు సాయం చేశారు.

జాయింట్ కలెక్టరు గారు సభ వైపు తిరిగి, "ఆమె ఏం చెప్పదలచుకున్నారో ఎవరికైనా తెలుసా?" అని అడిగారు.

నాకు తెలుసు. నా కాళ్ళు నన్నడక్కుండా లేచాయి. "ఆవిడే చె..." అన్నాను. ఆవిడే చెబుతారు అనాలి. వెనక ఎవరో, "చెప్పండి సార్, చెప్పండి" అన్నారు. కూర్చోవచ్చు. ఇంకేదైనా మాట వెతుక్కోవచ్చు. కానీ నాకు ఆ మాటే కావాలి. వారిజలాగే మొదట్నుంచి ఎత్తుకున్నాను. నా పక్కన భక్తుడుగారు లేచారు. తర్వాత మిక్సీ ఆవిడ. ముందు వరసలన్నీ లేచి నిలబడి, ఎవరి వాక్యం వాళ్ళు, ఏ తొందరా లేకుండా, చెప్పడం మొదలుపెట్టారు. సౌండు కుర్రాడు స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"వీళ్ళందరూ నయమైనవాళ్ళేనా?" అని జాయింట్ కలెక్టరు గారు డాక్టర్ గారి చెవిలో అడిగారు. ముందున్న మైకు అది అందరికీ చెప్పింది.

"నూటికి నూరుపాళ్ళు సార్. అందుకే ఇంతింత మాట్లాడుతున్నారు."

"పన్నెండవుతోంది. ప్రకటన ఎప్పుడు చేస్తాను?"

"ప్రసంగం ముగియందే ప్రకటన చెయ్యకూడదు సార్. ఆహ్వానపత్రికలో వరుస అలా ఉంది."

ఆ క్షణంలో వారిజ వాక్యం బయటికొచ్చింది. "నా పేరు వారిజ. నాకు నత్తి ఉంది. సర్టిఫికెట్ కావాలి." ఊపిరి తీసుకుని, "ఇంకా ఉంది" అంది. రెండో వాక్యానికి సిద్ధమవుతూ మైకు దగ్గరకు లాక్కుంది.

"ఎంత ఉందమ్మా?" అన్నారు డాక్టర్ గారు. ఆయన గొంతులో మొదటిసారి ఒక చిన్న తడబాటు విన్నాను. నేను వాటిని ఎక్కడున్నా గుర్తుపడతాను.

"ఆ కాగితమేదో ఇచ్చేయండి!" అన్నారు జాయింట్ కలెక్టరు గారు.

"ఇవ్వడానికి లేదు సార్. నత్తి అని నేను రాయగానే జిల్లా నత్తి రహితం కాకుండా పోతుంది. రికార్డు ఒప్పుకోదు."

వేదిక వెనక నుంచి లలితాంబ గారు వచ్చారు. పూలగుత్తులు అందించే పని ఆవిడది. గుత్తి చేత్తో పట్టుకునే అన్నారు.

"నత్తి అని ఎందుకు రాయడం సార్? ధాటి ఎక్కువని రాయండి. మాట్లాడితే ఆగదు, ఐదు నిమిషాలు చాలవు అని. ఇప్పుడు వెయ్యిమంది చూస్తున్నారు కదేటి. రికార్డు కూడా అదే అంటోంది."

డాక్టర్ గారు నిలబడే సంతకం పెట్టారు. "అభ్యర్థినికి వాగ్ధాటి మితిమీరి ఉన్నందున, మౌఖిక పరీక్షయందు రెట్టింపు సమయము కేటాయించవలసినదిగా సిఫారసు చేయడమైనది." వారిజ కాగితం చదువుకుని మైకు వదిలింది. జిల్లా నత్తి రహితమైంది. మేం ముందు వరసల్లో నిలబడే ఉన్నాం, ఫొటోలో కూడా పడ్డాం. నోళ్ళు తెరిచి ఉన్నాయి. ఆనందం పట్టలేకపోతున్న లబ్ధిదారులని కింద అచ్చు వేశారు.

బుధవారం మధ్యాహ్నం నా ఫోను మోగింది. మేం ఒకరికొకరం ఫోను చేసుకోం. అది మాకు బావిలోకి దూకడం లాంటిది. తీశాను. అటువైపు చాలాసేపు ఏమీ లేదు, వెనక బస్టాండు చప్పుడు తప్ప. నేనేమీ అందించలేదు.

"అ... అయిపోయిందండీ" అంది వారిజ.

బోర్డువాళ్ళు ఆ కాగితం చదివి కుర్చీల్లో వెనక్కి జరిగారట. ఈమెను కదిపితే మధ్యాహ్నం భోజనం పోతుందని ఒకాయన రెండో ఆయనతో గొణిగాడట. జామ తోటల మీద మూడు ప్రశ్నలు వేసి ఊరుకున్నారట. మూడింటికీ జవాబు చెప్పింది. ఒక్క మాట కూడా మార్చలేదట, ఏది అనాలనుకుందో అదే అందట.

"ఫ... ఫలితం వచ్చే నెల" అంది.

నేను అడగాలనుకున్నది అడిగాను. నాకు పట్టినంతసేపూ ఆమె ఆగింది. సమయం సరిపోయిందా అన్నాను.

"రెండు నిమిషాలు మి... మిగిలాయి. ఇక వెళ్ళొచ్చన్నారు. నా సమయం ఇంకా ఉంది కదండీ అన్నాను."

"ఏం చేశారు మరి?"

"కూర్చున్నాను. ఐదుగురు అధికారులు ఎదురుగా. ఒక్కళ్ళు కూడా నా వాక్యం అందుకోలేదు. ఊరికే, అలా, రెండు నిమిషాలు కూర్చుని వచ్చాను."